బండ మీద బ్రేకు, మొరం మీద ఓపిక: మిత్రులతో గుట్టల్లో ఒక రోజు సైకిల్ తొక్కడం ఎలా

హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో మౌంటెన్ బైక్ తొక్కాలనుకునేవారు అన్నిటికన్నా ముందు చక్రం కింద ఉండే నేలను అర్థం చేసుకోవాలి. ఈ నగరానికి ఆధారమైన గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఎండకు కాగి, వానకు తడిసి, పగుళ్ల వెంట విడిపోయి, ఆ రాయి ఒకచోట గుండ్ల మీద గుండ్లుగా నిలబడింది, మరొకచోట పరుపు బండలుగా పరుచుకుంది. రాతిలోని ఫెల్డ్‌స్పార్ మెల్లగా మట్టిగా మారిపోతుంటే, గట్టిదైన క్వార్ట్జ్ గింజలు గింజలుగా రాలి మొరంగా మిగులుతుంది. పొడి బండ టైరును గట్టిగా పట్టుకుంటుంది. అదే బండ మీద పలుచగా పడి ఉన్న మొరం గోళీల్లాగా దొర్లుతుంది. పదకొండేళ్లుగా ఈ గుట్టల్లో తొక్కుతున్న నేను చూసిన పడిపోవడాలలో ఎక్కువ భాగం బండ ముగిసి మొరం మొదలయ్యే ఆ రెండు మూడు అడుగుల మేరలోనే జరిగాయి. అందుకే ఈ వ్యాసంలో ఏ అంచె గురించి చెప్పినా, కష్టమైన చోటును ముందు కాళ్లతో నడిచి చూడాలి, ఆ తరువాతే చక్రాలతో దిగాలి అన్న మాట దగ్గరికే తిరిగి వస్తాను.

రోజును, చోటును ఎంచుకోవడం

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఉన్న కాలం ఈ పనికి అనువైనది. వేసవిలో వెళ్ళక తప్పదనుకుంటే తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించాలి, ఎందుకంటే ఆ తరువాత పైనుంచి ఎండే కాక, కిందనుంచి బండలు కూడా వేడిని కొడతాయి. వానాకాలంలో తొక్కకూడదని నియమమేమీ లేదు కానీ, వాన వెలిసిన మర్నాడే బయలుదేరడం మాత్రం మంచిది కాదు. మొరం నేల నీటిని తొందరగా వదిలేస్తుంది కాబట్టి గండిపేట వైపు ఒకటి రెండు రోజులు ఆగితే చాలు. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నల్లరేగడి ఉన్న చోట్ల అయితే నాలుగు రోజులైనా ఆగాలి, లేకపోతే ఆ మట్టి టైరుకు పట్టుకుని, ఫ్రేముకూ చక్రానికీ మధ్య ఇరుక్కుని, సైకిల్‌ను భుజాన మోసే పరిస్థితి తెస్తుంది. తడి నేల మీద తొక్కితే చక్రం వేసిన గాడి తరువాతి వానకు కాలువగా మారి బాట మొత్తాన్ని కోసేస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆ బాటలు మనం వేసినవి కావు. మేకల కాపరులు, రైతులు ఏళ్ల తరబడి నడిచి వేసినవి.

కొత్తగా ప్రారంభించే బృందానికి ఖాజాగూడ, గండిపేట పరిసరాల్లోని రాతి నేల దగ్గరగా ఉంటుంది, పొరపాటు జరిగినా రోడ్డు చేరువలోనే ఉంటుంది. రోజంతా గడపాలనుకునేవారు నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, మూసీ నది పుట్టిన అనంతగిరి కొండలకు వెళ్ళవచ్చు. అక్కడ స్వభావం పూర్తిగా మారిపోతుంది. గ్రానైట్‌కు బదులు ఎర్రటి లాటరైట్ నేల, చెట్ల నీడ, ఎండుటాకుల కింద కనిపించని రాళ్లు, వేర్లు ఉంటాయి. నగరపు బండ మీద ఆరితేరినవారు కూడా అక్కడి మొదటి గంట నెమ్మదిగానే తొక్కాలి. సొంత వాహనం లేనివారు సికింద్రాబాద్ – వాడి మార్గంలో ఉన్న వికారాబాద్ జంక్షన్‌లో దిగి, అక్కడినుంచి కొండ వరకు ఉన్న కొద్ది కిలోమీటర్లు సైకిల్ మీదే వెళ్ళవచ్చు.

రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా ప్రవేశించకూడదు. అనుమతి ఉన్న బాట ఏది, లేనిది ఏది అని ముందురోజే కనుక్కోవాలి. రక్షణ శాఖ భూమి అని బోర్డు కనిపిస్తే వాదన పెట్టుకోకుండా వెనుదిరగాలి. మరొక ముఖ్యమైన హెచ్చరిక ఏమిటంటే, నగరం చుట్టూ పాడుబడిన రాతి క్వారీలు చాలా ఉన్నాయి. పొదల మధ్యనుంచి సాగుతున్న చక్కటి బాట ఒక్కసారిగా నిలువు గుంత అంచున ముగిసిపోవచ్చు. తెలియని గుట్ట మీద వేగంగా మలుపు తిరగకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

బృందాన్ని కూర్చుకోవడం

నలుగురికి తగ్గకుండా, ఆరుగురికి మించకుండా ఉండటం మేలని నా అభిప్రాయం. నలుగురు ఎందుకంటే, ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు వారి దగ్గర కూర్చోవాలి, మిగిలిన ఇద్దరు కలిసి రోడ్డు మీదికి వెళ్ళి సహాయం తేవాలి. ఆరుగురిని దాటితే ఎదురుచూపులకే పొద్దు గడిచిపోతుంది.

బృందంలో అందరి నైపుణ్యం సమానంగా ఉండనక్కరలేదు, కానీ అందరి ఊపిరి కొంతవరకైనా సరిపోలాలి. దీన్ని కొలవడానికి మంచి చోటు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్. సౌర ఫలకల నీడలో, ట్రాఫిక్ బెడద లేకుండా, రెండు గంటలు దిగకుండా తొక్కగలిగిన మిత్రుడు గుట్టలో మూడు గంటలు, మధ్యమధ్యలో ఆగుతూ, నిలబడగలడు. ఒక గంటకే అలసిపోయేవారిని కష్టమైన బాటకు పిలవడం స్నేహం అనిపించుకోదు. వారితో ముందు నాలుగైదు వారాలు ఆ ట్రాక్ మీదే కలిసి తొక్కండి.

బయలుదేరకముందే ఇద్దరికి బాధ్యతలు అప్పగించాలి. బాట తెలిసినవారు ముందు వెళ్తారు. అనుభవం, ఓపిక, పనిముట్లు మూడూ ఉన్నవారు చివరన వస్తారు. వారిని దాటి ఎవరూ వెనుక ఉండకూడదు. బాట చీలిన ప్రతి చోటా ముందున్న మనిషి ఆగి, తన వెనుకవారు తనను కళ్లారా చూసిన తరువాతే కదలాలి. ఆ వెనుకవారు తమ వెనుకవారి కోసం అదే పని చేయాలి. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే మనిషి తప్పిపోవడం జరగదు. ఇంకో మాట, ముందువారు ఆగి ఎదురుచూసిన చోటుకు చివరివారు చేరగానే అందరూ లేచి బయలుదేరిపోయే అలవాటు చాలా బృందాల్లో ఉంది. అంటే విశ్రాంతి అవసరం లేనివారికి విశ్రాంతి దొరుకుతుంది, అవసరమైనవారికి దొరకదు. చివరి మనిషి నీళ్లు తాగి, ఊపిరి సర్దుకుని, తానే "పోదామా" అన్న తరువాతే కదలాలి.

కేకలు కూడా ముందే నిర్ణయించుకోండి. మా బృందంలో "పైలం" అంటే ముందు ప్రమాదకరమైన చోటు ఉందని, "మొరం" అంటే జారుడు నేల వస్తోందని, "ఆగు" అంటే ఉన్నచోటే నిలిచిపోవాలని అర్థం. ఒక్కొక్క మాట, అదీ పొట్టి మాట, గాలిలో కూడా వినిపించే మాట అయి ఉండాలి.

ముందురోజు సాయంత్రం సైకిల్‌తో గడపడం

కష్టమైన బాటకు ముందువైపు కనీసం 100 నుంచి 120 మిల్లీమీటర్ల సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, 2.2 అంగుళాలకు తగ్గని వెడల్పు టైర్లు ఉన్న సైకిల్ కావాలి. వెనుక సస్పెన్షన్ ఉంటే మంచిదే కానీ, లేకపోయినా ఇక్కడి బాటలు తొక్కవచ్చు. నిజానికి వెనుక సస్పెన్షన్ లేని సైకిల్ మీద నేర్చుకున్నవారికి రాయిని చూసి ఎంచుకునే కన్ను తొందరగా వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది టైరులోని గాలి. దానికి ఖర్చు కూడా ఏమీ లేదు. రోడ్డు మీద తొక్కే అలవాటుతో గట్టిగా గాలి నింపుకుని వస్తే టైరు రాతిని పట్టుకోదు, ప్రతి గులకరాయి మీదా ఎగిరిపడుతుంది. సుమారు 70 కిలోల బరువున్న మనిషికి, ట్యూబ్‌లెస్ టైర్లలో ముందు 20 నుంచి 22 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), వెనుక 23 నుంచి 25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, తొక్కి చూస్తూ ఒక్కొక్క పీఎస్ఐ సవరించుకోవాలి. ట్యూబులు ఉన్నవారు 28 నుంచి 32 మధ్య ఉంచుకోవాలి. అంతకన్నా తగ్గిస్తే రాతి అంచు తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. ఇక్కడ పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు లేని బాట లేదు కనుక, వీలైనవారు ట్యూబ్‌లెస్‌కు మారి లోపల సీలెంట్, అంటే చిన్న రంధ్రాలను తనంతట తానే మూసే ద్రవం, పోయించుకోవడమే ఉత్తమం. అయితే మన ఎండలకు ఆ సీలెంట్ త్వరగా ఎండిపోతుంది. రెండు మూడు నెలలకొకసారి వాల్వు విప్పి లోపల ఇంకా ద్రవం ఉందో లేదో చూసుకోవాలి.

ముందు సస్పెన్షన్ మీద మీ బరువుతో కూర్చున్నప్పుడు అది తన మొత్తం కదలికలో 20 నుంచి 25 శాతం దిగాలి. 120 మిల్లీమీటర్ల ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ గొట్టాల జత) అయితే 24 నుంచి 30 మిల్లీమీటర్లు. దిగిన మేర కొలవడానికి ఫోర్కు గొట్టం మీద ఉండే రబ్బరు రింగు సరిపోతుంది. ఆ తరువాత బ్రేకులు నొక్కి పట్టుకుని సైకిల్‌ను ముందుకు తోయండి, కదలకూడదు. రెండు చక్రాల ఇరుసులు, హ్యాండిల్ బోల్టులు బిగించి ఉన్నాయో లేదో చూడండి. గొలుసుకు నూనె వేసి, పైపైన ఉన్నదాన్ని గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. తడిగా వదిలేస్తే మొరం దుమ్ము అంటుకుని నూనె ఆకురాయిలా పనిచేస్తుంది.

వెంట ఉండవలసినవి

హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన, నుదుటిని కప్పేలా కూర్చోవాలి. గడ్డం కింద పట్టీలో ఒకటి రెండు వేళ్ల సందు మాత్రమే ఉండాలి. వెనుక తల కిందిదాకా దిగే రకం కొనుక్కోండి. పూర్తి వేళ్ల గ్లౌజులు, మోకాలి రక్షణ, పారదర్శకమైన కళ్లద్దాలు ఖర్చుతో కూడినవే అయినా అవసరమైనవి, ముఖ్యంగా తుమ్మ కొమ్మ కంటి ఎత్తులో వంగి ఉండే బాటల్లో. బూటు అడుగు చదునుగా ఉండాలి. పాదాన్ని పెడల్‌కు బిగించే రకం పెడల్స్ మొదటి ఏడాది వద్దు.

మనిషికి ఒక ట్యూబు, టైరు తీసే లీవర్లు, బృందానికి ఒక పంపు, గొలుసు తెంచి కలిపే సాధనం ఉన్న మల్టీటూల్, తెగిన గొలుసును కలపడానికి దానికి సరిపోయే క్విక్ లింకు, పాత టైరు నుంచి కోసిన అరచేతి వెడల్పు ముక్క తప్పనిసరి. రాతి అంచుకు టైరు పక్క చీలినప్పుడు ఆ ముక్కను లోపలి వైపు పెట్టి ట్యూబు వేసుకుంటే ఇంటికి చేరవచ్చు. వెనుక గేరు మార్చే డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న హ్యాంగర్ ఒకటి అదనంగా కొని పెట్టుకోండి. అది ప్రతి సైకిల్‌కూ వేరుగా ఉంటుంది కాబట్టి మిత్రుడి దగ్గరున్నది మీకు పనికిరాదు.

నాలుగు గంటల రోజుకు చలికాలంలో రెండు లీటర్లు, ఎండాకాలంలో మూడు లీటర్ల నీళ్లు ప్రతి మనిషీ మోయాలి. అందులో ఒక లీటరులో ఓఆర్ఎస్ కలుపుకోండి. తిండి విషయంలో కొత్తవి వెతకనక్కరలేదు. అరటిపండ్లు, ఖర్జూరాలు, పల్లీపట్టీ, అరచేతిలో ఇమిడే సర్వపిండి ముక్కలు చాలు. ఆకలి వేసేదాకా ఆగకుండా ప్రతి ముప్పావు గంటకూ కొంచెం తినాలి. ఆకలితో ఉన్న మనిషికి ముందు చూపు మందగిస్తుంది, ఆ తరువాతే కాళ్లలో సత్తువ తగ్గుతుంది.

పొద్దున, బాట మొదట్లో

సైకిళ్లు దించగానే ఎక్కి పరుగు తీయకండి. పదిహేను నిమిషాలు చదునైన చోట తిరిగి ఒళ్లు వేడి చేసుకోండి. ప్రతి ఒక్కరూ ఫోనులో మ్యాపును ఇంటర్నెట్ లేకుండా పనిచేసేలా దించుకున్నారో లేదో అడగండి, ఎందుకంటే అనంతగిరి లోయల్లో సిగ్నల్ మీద ఆధారపడలేం. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి సందేశం పంపండి. బాట దగ్గర మేకల కాపరి కనిపిస్తే దిగి, హెల్మెట్ తీసి, "కాకా, ఈ తొవ్వ ఎటు పోతది, ముందట ఏమన్నా గుంతలున్నయా" అని అడగండి. ఆ గుట్టను ఆయనకన్నా బాగా తెలిసినవారు లేరు. తేనెపట్లు ఏ బండకు వేలాడుతున్నాయో కూడా ఆయనే చెబుతారు. నిలువు బండల కింద పట్టు పెట్టే కొండ తేనెటీగలు అలికిడికి, పొగకు, ఘాటైన వాసనలకు రేగుతాయి. అటువంటి చోట కేకలు పెట్టకుండా దూరంగా చుట్టి వెళ్ళాలి. పొరపాటున రేగితే నిలబడి విదిలించకుండా, సైకిల్‌ను అక్కడే వదిలేసి, ముఖం కప్పుకుని వీలైనంత దూరం పరుగెత్తాలి.

మంద ఎదురైతే ఆగి పక్కకు జరగండి. గొర్రెల మధ్యనుంచి సైకిల్ పోనిస్తే అవి చెదిరిపోతాయి, ఆ పెద్దమనిషికి వాటిని కూడగట్టడానికి గంట పడుతుంది.

ఎక్కేటప్పుడు

ఎక్కుడు మొదలవకముందే తేలిక గేరులోకి మారాలి. మధ్యలో బలంగా తొక్కుతూ మారిస్తే గొలుసు తెగవచ్చు. సీటు ముందు భాగం మీదికి జరిగి, మోచేతులను కిందికి దించి, ఛాతీని హ్యాండిల్ వైపు వంచితే ముందు చక్రం లేవకుండా ఉంటుంది. కానీ మొరం మీద మరీ ముందుకు వంగితే వెనుక చక్రం బరువు కోల్పోయి గిర్రున తిరుగుతుంది. ఈ రెండింటి మధ్య సమతూకం ఎక్కడుందో శరీరమే నేర్చుకోవాలి. కాలితో దబదబా తొక్కకుండా, గుండ్రంగా, ఒకే ఒత్తిడితో తిప్పాలి. పరుపు బండ కనిపిస్తే అది ఎంత నిటారుగా ఉన్నా మొరం కన్నా మేలని నమ్మి దాని మీదికే చక్రాన్ని నడపండి. పొడిగా ఉన్న గ్రానైట్ మీద మీరు ఊహించిన దానికన్నా ఎక్కువ వాలు ఎక్కవచ్చు. నీళ్లు ఊరి పాచి పట్టిన నల్లటి చారలు మాత్రం దీనికి మినహాయింపు, వాటిని తాకనే కూడదు.

ఆగి, దిగి, నడిచి చూడటం

ఇది ఈ రోజంతటికీ గుండెకాయ వంటి పని. అయినా అందరూ వదిలేసేది కూడా ఇదే.

నాలుగేళ్ల కిందట గండిపేట వైపు ఒక గుట్ట మీద, అంతకుముందు చలికాలంలో ఎన్నోసార్లు దిగిన బండనే, వానాకాలం తరువాత మొదటిసారి, చూడకుండా దిగాను. ఆ వానలకు పైనుంచి కొట్టుకొచ్చిన మొరం బండ అడుగున నాలుగు అడుగుల మేర పేరుకుని ఉంది. దాన్ని చూడగానే భయపడి, సరిగ్గా దాని మీదే ముందు బ్రేకు నొక్కాను. చక్రం పక్కకు జారిపోయింది, కుడివైపు జబ్బ ఎముక విరిగింది. వెంట ఉన్న మిత్రులు తువ్వాలతో చెయ్యి కట్టి, నా సైకిల్‌ను కూడా మోస్తూ, రెండు కిలోమీటర్లు నడిపించి రోడ్డు మీదికి తీసుకొచ్చారు. ఆ బండ నాకు తెలిసినదే, కానీ ఆ ఏటి బండ నాకు తెలియదు. అప్పటినుంచి ప్రతి వానాకాలం తరువాత తెలిసిన బాటలన్నిటినీ కొత్తవాటిలాగే చూస్తున్నాను.

చూసే పద్ధతి ఇలా ఉండాలి. సైకిల్‌ను పైనే వదిలి, మీరు తొక్కబోయే గీత మీదనే నడుస్తూ కిందిదాకా దిగండి. నడుస్తున్నప్పుడు బూటు ఎక్కడ జారుతోందో గమనించండి. బూటు జారే చోట టైరు కూడా జారుతుంది. గుండ్ల మధ్య సందులు చక్రం వెడల్పు ఉన్నాయేమో చూడండి, ఎందుకంటే అటువంటి సందులో ముందు చక్రం ఇరుక్కుంటే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు. రాతి మెట్టు ఉంటే, పెడల్స్ దగ్గరి పళ్ల చక్రం దాని అంచుకు తగలకుండా దిగగలదా అని అంచనా వేయండి. కిందికి చేరాక వెనుదిరిగి పైకి చూడండి. పైనుంచి కనిపించని సగం సంగతులు కిందినుంచి కనిపిస్తాయి. చివరగా, సైకిల్ అదుపు తప్పితే ఎటు పడతాను, పడేచోట ఏముంది అని మిమ్మల్ని మీరే అడగండి. పొదలు, మట్టి ఉంటే ప్రయత్నించవచ్చు. గుండు, గుంత, నిలువు అంచు ఉంటే మీ నైపుణ్యం ఎంతదైనా ఆ చోటు నడిచే దిగాలి.

నడిచి చూశాక ప్రతి ఒక్కరూ తన నిర్ణయాన్ని పైకి చెప్పాలి. "నేను తొక్కుతాను" అన్నా, "నేను నడుస్తాను" అన్నా, దాని మీద ఇంకొకరు ఒక్క మాట కూడా అనకూడదు. "ఏం కాదు రా, దిగు" అనే మిత్రుడికి మంచి మనసే ఉండవచ్చు, కానీ ఆ మాట విని దిగేవాడి కాళ్లు బిగుసుకుపోతాయి, బిగుసుకున్న శరీరంతో ఏ దిగుడూ సరిగా సాగదు. ఫోను కెమెరా కూడా ఇటువంటి ఒత్తిడే తెస్తుంది. వీడియో తీయడం మొదలవగానే మనుషులు తమకు రానిది చేయబోతారు. ఒకసారి కెమెరా లేకుండా దిగినవారే రెండవసారి కెమెరా ముందు దిగాలన్నది మా నియమం.

దిగేటప్పుడు

సీటును పూర్తిగా దించేయండి. రెండు పెడల్స్ సమాన ఎత్తులో ఉండేలా పాదాలు ఉంచి, మడమలను కిందికి వంచి, మోకాళ్లు, మోచేతులు సడలించి నిలబడండి. బరువంతా పాదాల మీద ఉండాలి, చేతుల మీద కాదు. నడుమును వెనక్కి జరపడం అవసరమే కానీ, భయంతో వెనుక చక్రం మీదికి పూర్తిగా వేలాడితే ముందు చక్రానికి బరువు తగ్గి అది తిరగమన్న వైపు తిరగదు. కళ్లు ముందు చక్రం మీద కాక, నాలుగైదు సైకిళ్ల దూరంలో ఉండాలి. మీరు తప్పించుకోవాలనుకున్న రాయినే చూస్తూ ఉంటే చక్రం దానికే తగులుతుంది.

ప్రతి బ్రేకు మీద ఒక్క చూపుడు వేలు చాలు, మిగిలిన వేళ్లు హ్యాండిల్‌ను పట్టుకోవాలి. ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంటుంది కాబట్టి దాన్ని మానేయకూడదు, దాన్ని ఎక్కడ వాడాలో తెలుసుకోవాలి. శుభ్రమైన బండ మీద, చక్రం నిటారుగా ఉన్నప్పుడు, మెల్లగా ఒత్తిడి పెంచుతూ వేగాన్ని తగ్గించుకోండి. మొరం దగ్గరికి వచ్చేలోపే తగ్గించవలసినదంతా తగ్గించి, మొరం మీద ముందు బ్రేకును పూర్తిగా వదిలి, వెనుకది లేశంగా పట్టుకుని, హ్యాండిల్ తిప్పకుండా, నేరుగా దొర్లనివ్వండి. వెనుక చక్రం కొంచెం అటూ ఇటూ జారుతుంది. అది సహజం, దాన్ని సరిదిద్దబోకండి. వెనుక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందు చక్రం జారితే సర్దుకునే వ్యవధి ఉండదు. దీన్ని పదిసార్లు చదివినా రాదు. వాలు తక్కువగా ఉన్న ఒక బండను ఎంచుకుని, దాని అడుగున ఉన్న మొరం మీదికి ఇరవైసార్లు దిగి చూస్తే, వేళ్లు ఎప్పుడు వదలాలో వాటంతట అవే నేర్చుకుంటాయి.

నిటారు దిగుళ్లలో ఒకరు పూర్తిగా కిందికి చేరి, పక్కకు తప్పుకుని, చేయి ఊపిన తరువాతే మరొకరు మొదలుపెట్టాలి. అన్నిటికన్నా కష్టమైన చోట ఒక మిత్రుడు పక్కన నిలబడి ఉండాలి, కానీ సైకిల్‌ను పట్టుకోబోకూడదు. పడుతున్న మనిషి భుజాన్ని గుండు వైపు నుంచి మళ్లించగలిగితే చాలు.

పాముల గురించి ఒక మాట. చలికాలపు ఉదయాల్లో అవి వెచ్చదనం కోసం బండల మీదికి వస్తాయి. రాతి సందుల్లో చెయ్యి పెట్టకండి, కూర్చునేముందు చుట్టూ చూడండి. ఒకవేళ కాటు పడితే కోయకూడదు, గట్టిగా కట్లు కట్టకూడదు. ఆ చేతినో కాలినో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని, యాంటీవీనమ్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఎవరైనా పడితే

పడినవారిని వెంటనే లేపకండి. ముందు, పైనుంచి ఇంకెవరూ దిగకుండా ఒకరు వెళ్ళి ఆపాలి. తరువాత పేరు, చోటు, రోజు అడగండి. మెడ నొప్పి ఉందంటే, కాళ్లు చేతుల్లో తిమ్మిరి ఉందంటే కదిలించకుండా 108కి గానీ 112కి గానీ ఫోను చేసి, మ్యాపులో కనిపించే అక్షాంశ రేఖాంశాలను చదివి చెప్పండి. తలకు దెబ్బ తగిలి అడిగిందే మళ్లీ అడుగుతుంటే, వాంతి అయితే, మగతగా ఉంటే, ఆ మనిషి ఎంత బాగున్నానని చెప్పినా ఆ రోజు మళ్లీ సైకిల్ ఎక్కకూడదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి బాగున్నా పారేయాలి. దాని లోపలి ఫోము ఒక్కసారి నలగడానికే తయారైనది. రక్తం కారుతున్న గాయాన్ని శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఎత్తి చూడకుండా నొక్కి పట్టండి. గీసుకుపోయిన గాయంలో మొరం గింజలు ఉండిపోతే మానదు, కాబట్టి తాగే నీళ్లు తగ్గినా సరే బాగా కడిగి, ఆ రోజే టెటనస్ ఇంజెక్షన్ సంగతి వైద్యుడిని అడగాలి.

తిరుగు ప్రయాణం

అలసట వచ్చాక "చివరిగా ఇంకొక్కసారి" అని ఎక్కే దిగుడు ప్రమాదకరమైనది. చేతి వేళ్లు నొప్పి పుడుతున్నాయంటే, బాట పక్కన రాళ్లను ఆఖరి క్షణంలో గమనిస్తున్నారంటే, ఆ రోజుకు దిగుళ్లు ముగించండి. సులువైన బాట మీదుగా నెమ్మదిగా రోడ్డు చేరి, పొద్దెక్కేలోపు మజ్జిగో చాయో దొరికే చోట ఆగండి. ఉప్పు వేసిన మజ్జిగ ముందు, చాయ్ తరువాత. మోసుకెళ్ళిన కవర్లు, చిరిగిన ట్యూబు, అరటి తొక్కలతో సహా అన్నీ వెనక్కి తేవాలి.

ఇంటికి వచ్చాక సైకిల్‌ను పీడనపు నీటితో కడగకండి, బేరింగుల్లోకి నీరు పోతుంది. మగ్గుతో నీళ్లు పోసి, కుచ్చు బ్రష్‌తో తోమి, నీడలో ఆరబెట్టండి. టైరు లోపల చేత్తో తడమకుండా, పాత నూలు గుడ్డను మెల్లగా చుట్టూ తిప్పండి. ముల్లు ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది. రాత్రికి బృందంలో ప్రతి ఒక్కరినుంచి చేరామన్న సందేశం వచ్చిందో లేదో చూసుకోండి. అప్పుడే కూర్చుని, ఏ బండ అడుగున మొరం పేరుకుందో, ఏ మలుపు దగ్గర వాన గాడి పడిందో, ఎవరు ఎక్కడ నడిచి దిగారో ఒక పుస్తకంలో తేదీతో రాసి పెట్టుకోండి. మళ్లీ అక్కడికి వెళ్ళేముందు ఆ పేజీ తీసి అందరికీ చదివి వినిపించండి.